థాంక్స్‌గివింగ్ బల్ల దగ్గర పిల్లలకు చెప్పే టర్కీ సంగతులు: ఏవి నిజం, ఏవి కావు?

చిన్నిమేడ · మంగళవారం, సాయంత్రం 6:40

వచ్చే వారం గురువారం థాంక్స్‌గివింగ్, అమెరికాలో కృతజ్ఞతలు చెప్పుకునే పండగ. భోజనానికి 14 మంది. మాంసం తినేవాళ్ళు 10, తిననివాళ్ళు 4. అందులో పిల్లలు అయిదుగురు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు. పెద్దవాళ్ళలో ఇద్దరికి ఇంగ్లీషు రాదు.

వాట్సాప్‌లో తిరుగుతున్న టర్కీ విశేషాల చిట్టా ఒకటి పిల్లలతో చదివిద్దామని ఉంది. అందులోవి ఇవి: టర్కీ కోడి టర్కీ దేశం నుంచి వచ్చింది. వానలో నోరు తెరుచుకుని పైకి చూస్తూ చచ్చిపోతుంది. దాని మాంసంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం వల్ల నిద్ర వస్తుంది. అమెరికా తొలితరం నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ దాన్ని జాతీయ పక్షిగా ప్రతిపాదించాడు. 1621లో అమెరికాకు వచ్చిన ఇంగ్లీషు వలసదారుల మొదటి విందులో టర్కీయే ప్రధాన వంట. ఇందులో ఎంత నిజం?

రెండో సంగతి. భోజనానికి ముందు ఒక్కొక్కరూ కృతజ్ఞత చెప్పే పద్ధతి ఉంది కదా, అది బిగుసుకుపోకుండా ఎలా నడపాలి? మూడోది, 14 పౌండ్ల ఫ్రోజెన్ టర్కీని ఎప్పుడు బయటికి తీయాలి?

పక్షిగూడు · మంగళవారం, రాత్రి 8:15

పక్షి గురించి నేను చెప్తాను. చిట్టాలో మొదటి మూడూ తప్పే.

టర్కీ పుట్టిల్లు ఉత్తర అమెరికా. శాస్త్రీయ నామం మెలియాగ్రిస్ గల్లోపావో. మెక్సికో ప్రాంతం వాళ్ళు రెండు వేల ఏళ్ళకు ముందే దీన్ని మచ్చిక చేశారు. 1500ల మొదట్లో స్పెయిన్ వాళ్ళు యూరప్ తీసుకెళ్ళారు. అక్కడ బాగా పెరిగిన ఆ పెంపుడు జాతినే తర్వాత ఇంగ్లీషు వలసదారులు మళ్ళీ అమెరికాకు తెచ్చుకున్నారు. అంటే ఇప్పుడు కొట్లో దొరికే టర్కీ వంశం అట్లాంటిక్‌ను రెండుసార్లు దాటింది. పిల్లలకు ప్రపంచపటం మీద వేలు పెట్టి చూపించండి, ఇది బాగా గుర్తుంటుంది.

వానలో చావడం అబద్ధం. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. పైన ఏముందో చూడాలంటే తల పక్కకు వంచి ఒక కంటితో చూస్తుంది. మనకు అది తెల్లబోయి ఆకాశం చూస్తున్నట్టు కనిపిస్తుంది, అంతే. బూరు సరిగా రాని పిల్లలు తడిస్తే చలికి చచ్చిపోతాయి, అది వేరే విషయం.

ట్రిప్టోఫాన్ కోడిమాంసంలో ఎంతో టర్కీలోనూ దాదాపు అంతే. బంగాళదుంప, బ్రెడ్డు, ‘పై’ అనే తీపి వంటకం, ఇవన్నీ కలిపి కడుపు పగిలేలా తిన్నాక వచ్చే నిద్రకు టర్కీని అనడం న్యాయం కాదు.

ఇక పిల్లలు ఇష్టపడే నిజాలు. గొబగొబమని అరిచేది పుంజు ఒక్కటే, పెట్ట క్లుక్ క్లుక్ అంటుంది. రెట్ట చూసి కూడా ఆడో మగో చెప్పొచ్చు: పుంజుది కొంకిలా వంకరగా, పెట్టది నత్తగుల్లలా చుట్టగా ఉంటుంది. ముక్కు మీంచి వేలాడే కండను స్నూడ్ అంటారు. అది పొడుగ్గా ఉన్న పుంజునే పెట్టలు ఎంచుకుంటాయి, పొట్టి స్నూడ్ పుంజులు దానికి దూరంగా జరుగుతాయి. రొమ్ము మీద గడ్డంలా వేలాడేది వెంట్రుకలు కాదు, ఒక రకం ఈకలే. అడవి టర్కీ గంటకు 40 కిలోమీటర్ల దాకా పరిగెత్తుతుంది, కొద్ది దూరమైతే 88 దాకా వేగంతో ఎగురుతుంది, రాత్రి చెట్టు కొమ్మల మీద పడుకుంటుంది. ఫారంలో పెరిగే తెల్ల టర్కీకి రొమ్ము కండ అంత భారీగా పెంచేశారు కాబట్టి అది ఎగరలేదు, సహజంగా జత కూడా కట్టలేదు. పిల్లలయ్యే గుడ్లు కృత్రిమ గర్భధారణతోనే.

పాతపుటలు · మంగళవారం, రాత్రి 9:30

ఫ్రాంక్లిన్ మాట సరిచేస్తాను. 1784లో కూతురు శారాకు రాసిన ఉత్తరంలో, స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికాధికారుల సిన్సినాటి సంఘం పతకం మీద గద్ద బొమ్మ టర్కీలా ఉందన్న మాట ఎత్తి, గద్ద కంటే టర్కీయే మర్యాదస్తురాలైన పక్షి, అసలు అమెరికాదే అని రాశాడు. అది ఇంటి ఉత్తరం. జాతీయ చిహ్నంగా టర్కీని ఆయన ప్రతిపాదించలేదు.

1621 గురించి మిగిలిన ప్రత్యక్ష సాక్ష్యం చాలా కొద్ది. ఆ వలసదారుల్లో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో ఉత్తరంలో ‘పిట్టలు’ వేటాడి తెచ్చారని ఉంది, ఏ పిట్టలో లేదు. ఆ కాలంలో అక్కడ అడవి టర్కీలు దొరికేవని వాళ్ళ గవర్నర్ విలియం బ్రాడ్‌ఫర్డ్ రాశాడు. కాబట్టి టర్కీ ఉండి ఉండవచ్చు, ప్రధానం అని చెప్పలేం. కచ్చితంగా ఉన్నది జింక మాంసం. అక్కడి మూలవాసులైన వాంపనోగ్‌ల నాయకుడు మాసాసోయిట్, ఆయన వెంట వచ్చిన దాదాపు 90 మంది అయిదు జింకలు తెచ్చారు. ఇంగ్లీషు వాళ్ళు దాదాపు 50 మందే, ఎందుకంటే మేఫ్లవర్ ఓడలో వచ్చిన 102 మందిలో సగం మంది తొలి చలికాలంలోనే పోయారు. మూడు రోజుల విందు. బంగాళదుంపలు లేవు, గుమ్మడి పై లేదు.

పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు టిస్‌క్వాంటమ్ అనే మూలవాసి సంగతి వదలకండి. వలసదారులకు మొక్కజొన్న నాటడం నేర్పినవాడు ఆయనే. 1614లో ఆయన్ని ఒక ఇంగ్లీషు ఓడ కెప్టెన్ అపహరించి స్పెయిన్‌లో అమ్మాడు. ఎలాగో తిరిగి వచ్చేసరికి ఆయన ఊరు పటుక్సెట్ అంటువ్యాధితో తుడిచిపెట్టుకుపోయింది. వలసదారులు తమ ఊరు ప్లిమత్ కట్టింది ఆ ఖాళీ ఊరి మీదే. పన్నెండేళ్ళ పిల్లకు ఇది అర్థమవుతుంది. 1970 నుంచి ప్లిమత్‌లో మూలవాసులు ఇదే గురువారాన్ని సంతాప దినంగా పాటిస్తున్నారు. ఇది కూడా బల్ల దగ్గర ఒక వాక్యం చెప్పడం సబబు.

తేదీలు కావాలంటే: అధ్యక్షుడు వాషింగ్టన్ పండగ ప్రకటన 1789. పత్రికా సంపాదకురాలు సారా జోసెఫా హేల్ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసిన మీదట లింకన్ 1863 అక్టోబర్ 3న నవంబర్ చివరి గురువారం అని ప్రకటించాడు. 1939లో రూజ్‌వెల్ట్ ఒక వారం ముందుకు జరిపితే గొడవైంది. 1941లో కాంగ్రెస్ నాలుగో గురువారం అని చట్టం చేసింది. నాలుగోదే ఎప్పుడూ చివరిది కాదని పిల్లల చేత క్యాలెండర్‌లో వెతికించండి.

నాటుకోడి_దొడ్డి · బుధవారం, ఉదయం 7:05

మన వైపు దీన్ని టర్కీ కోడి అంటారు, కొందరు సీమకోడి అంటారు. సీమచింత కూడా మెక్సికో వైపు నుంచే వచ్చింది. రెండింటికీ ‘సీమ’ చేరడం భలే కుదిరింది.

పేరు ఆట ఒకటి పిల్లలతో ఆడించవచ్చు. ఇంగ్లీషువాళ్ళు టర్కీ అన్నారు, అసలు టర్కీవాళ్ళేమో దీన్ని ‘హిందీ’ అంటారు, అంటే ఇండియాది అని. ఫ్రెంచ్‌లో ‘దాంద్’, అదీ ఇండియా కోడే. డచ్‌లో ‘కల్కూన్’, మన కాలికట్ నుంచి వచ్చిందనుకుని. పోర్చుగీసులో, హిందీలో ‘పేరూ’, అది పెరూ దేశం పేరు. ప్రతివాళ్ళూ ఇంకోళ్ళ ఊరు చెప్పారు, మెక్సికో పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

పెంచేవాళ్ళకు ఒక మాట. టర్కీలను నాటుకోళ్ళతో ఒకే దొడ్లో పెట్టకూడదు. కోళ్ళ పేగుల్లో ఉండే ఒక పురుగు గుడ్ల ద్వారా బ్లాక్‌హెడ్ అనే జబ్బు వస్తుంది. కోడి తట్టుకుంటుంది, టర్కీ కాలేయం పాడై చచ్చిపోతుంది. గుడ్డు పిల్ల కావడానికి 28 రోజులు, కోడికైతే 21. పుట్టిన పిల్లలకు మేత, నీళ్ళు ఎక్కడున్నాయో తెలియదు. పక్కనే మేత పెట్టుకుని ఆకలితో చస్తాయి. అందుకే నీళ్ళ తొట్టిలో రంగు గోళీలు వేస్తారు, మెరుపు చూసి ముక్కు పెడతాయి. మొదటి రోజుల్లో పది పిల్లలకు ఒక ఉడికిన గుడ్డు చిదిమి పెడతారు.

పాతపుటలు · బుధవారం, ఉదయం 8:20

ఇండియా మాట వచ్చింది కాబట్టి: 1612లో మొగలు అధికారి ముఖర్రబ్ ఖాన్ గోవా నుంచి జహంగీర్ చక్రవర్తికి ఒక టర్కీ తెచ్చి ఇచ్చాడు. జహంగీర్ తన జ్ఞాపకాల్లో దాన్ని గురించి శ్రద్ధగా రాసుకున్నాడు. ఆడ నెమలి కంటే పెద్దది, మగ నెమలి కంటే చిన్నది, తల, మెడ రంగులు ఊసరవెల్లిలా మారతాయి అని. ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ వేసిన టర్కీ చిత్రం లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాన్ని ఫోన్‌లో చూపిస్తే చాలు, పిల్లలు వదలరు.

పక్షిగూడు · బుధవారం, ఉదయం 9:00

జహంగీర్ చూసింది నిజమే. ఆ తోలులో కొలాజెన్ అనే మాంసకృత్తి పోగులు కట్టలుగా ఉంటాయి, వాటి మధ్య రక్తనాళాలు. పక్షికి కోపమో భయమో వస్తే నాళాలు బిగుసుకుంటాయి లేదా ఉబ్బుతాయి, కట్టల మధ్య ఎడం మారుతుంది, వెలుగు వేరేగా చెదిరి ఎరుపు కాస్తా నీలం, తెలుపు అవుతుంది. కొరియా భాషలో దీని పేరుకు ఏడు ముఖాల పక్షి అని అర్థం.

ఉప్పుచేయి · బుధవారం, మధ్యాహ్నం 1:10

చిన్నిమేడ గారూ, వంటకు వస్తాను. మాంసం తినేవాళ్ళకు తలా ఒక పౌండు నుంచి పౌండున్నర లెక్క, ఎముకతో కలిపి. పదిమందికి 14 పౌండ్లు సరిగ్గా సరిపోతుంది, కాస్త మిగులుతుంది.

ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి 4, 5 పౌండ్లకు 24 గంటలు. మీది మూడు రోజులు, పైన కొంచెం. శనివారం సాయంత్రం ఫ్రీజర్ నుంచి కింది అరకు మార్చండి, అడుగున అంచులున్న పళ్ళెం పెట్టండి. మంగళవారం రాత్రికి సిద్ధం. మరిచిపోయి బుధవారం గుర్తొస్తే చన్నీళ్ళ పద్ధతి: కవరు విప్పకుండా నీళ్ళలో ముంచి పౌండుకు అరగంట, అంటే ఏడు గంటలు, ప్రతి అరగంటకూ నీళ్ళు మార్చాలి, తర్వాత వెంటనే వండేయాలి. గట్టు మీద రాత్రంతా వదలకండి. లోపల మంచుగడ్డ ఉండగానే పైభాగం 40 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి సూక్ష్మక్రిములు పెరిగిపోతాయి.

మన ఇళ్ళలో మాంసం పసుపు, ఉప్పు వేసి కడిగే అలవాటు. టర్కీని కడగొద్దు. సింకులో అంత పెద్ద పక్షిని కడిగితే తుంపరలు పక్కనున్న కొత్తిమీర మీద, గిన్నెల మీద పడతాయి. సాల్మొనెల్లా క్రిమి పోయేది వేడితోనే. పేపర్ టవల్‌తో తుడిచి పసుపు నేరుగా రాయండి.

లోపలి బోలులో మెడ, కాగితం సంచిలో గుండె, కందనకాయ, లివర్ ఉంటాయి. మెడ వైపు కూడా చెయ్యి పెట్టి చూడండి, చాలా కంపెనీలు రెండో సంచి అక్కడ దాస్తాయి.

ఉప్పు: ముందు చీటీ చదవండి. ‘బేస్టెడ్’ అనో, ఇంత శాతం ద్రావణం కలిపామనో ఉంటే ఉప్పు అప్పటికే ఎక్కించారు, మీరు మళ్ళీ పట్టిస్తే తినలేరు. లేకపోతే మంగళవారం రాత్రి 3 టేబుల్ స్పూన్ల కోషర్ ఉప్పు, అంటే పెద్ద పలుకుల ఉప్పు (మామూలు సన్న ఉప్పయితే సగమే) ఒళ్ళంతా, చర్మం కిందా రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. గురువారానికి ఉప్పు లోపలికి దిగుతుంది, పైచర్మం ఆరుతుంది. ఆరిన చర్మమే కరకరలాడుతుంది.

అరిటాకు · బుధవారం, మధ్యాహ్నం 2:45

మన మసాలా పట్టించాలంటే పెరుగులో కలిపి పైన పూయడమేనా, తందూరీలాగా?

ఉప్పుచేయి · బుధవారం, మధ్యాహ్నం 3:30

పైన వద్దు. పెరుగులో నీళ్ళు చర్మాన్ని మెత్తబరుస్తాయి, అందులో పాలచక్కెర, మసాలా పొడులు మూడు గంటల వేడికి నల్లగా మాడి చేదెక్కుతాయి. చిన్న ముక్కలు తందూర్‌లో కొద్ది నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి అక్కడ చెల్లుతుంది.

మసాలా అంతా చర్మం కిందికి వెళ్ళాలి. ఉప్పులేని వెన్న 170 గ్రాములు, అల్లంవెల్లుల్లి ముద్ద 3 టేబుల్ స్పూన్లు, మిరియాలపొడి 2 చిన్న చెంచాలు, ధనియాలపొడి అంతే, కారం ఒకటిన్నర, గరంమసాలా ఒకటి. రొమ్ము దగ్గర చర్మం కిందికి వేళ్ళు పోనిచ్చి నెమ్మదిగా విడదీస్తూ ఈ ముద్ద సర్దండి. గోళ్ళు తగిలితే చిరుగుతుంది. పైన నూనె చెయ్యి, అంతే.

అవెన్ 325 డిగ్రీల ఫారన్‌హీట్. లోపల ఏమీ కూరకుండా 14 పౌండ్లకు మూడు నుంచి మూడు ముప్పావు గంటలు. నాలుగింటికి భోజనమైతే పదకొండున్నరకు లోపల పెట్టండి. రొమ్ము రంగు తిరగగానే దానిమీద వదులుగా ఫాయిల్ కప్పాలి, ఎందుకంటే రొమ్ము 165 దాటాక ఎండిపోతుంది, తొడకేమో 175 దాకా వెళ్తేనే కొలాజెన్ కరిగి మెత్తబడుతుంది. రెండున్నర నుంచి థర్మామీటరు గుచ్చి చూడండి: రొమ్ములో మందమైన చోట, తొడ లోపలి వైపు, ఎముకకు తగలకుండా. ప్రతిచోటా కనీసం 165 రావాలి. ఎముక దగ్గర గులాబీ రంగు కనపడితే మనవాళ్ళు పచ్చిగా ఉందంటారు. 165 వస్తే ఉడికినట్టే, రంగు లెక్క కాదు. దాంతోపాటు వచ్చే పాప్‌అప్ పుల్లను నమ్మొద్దు, ఒక చోట వేడి మాత్రమే చెప్తుంది.

తీశాక అరగంట కొయ్యకూడదు. వెంటనే కోస్తే రసమంతా చెక్క మీదికి కారిపోతుంది. మీరడిగిన కృతజ్ఞతల కార్యక్రమానికి ఆ అరగంటే సరైన వేళ. అన్నీ వడ్డించాక మొదలుపెడితే కూరలు చల్లారుతుంటాయి, పిల్లల కళ్ళు పళ్ళెం మీదే ఉంటాయి.

మాటమూట · బుధవారం, రాత్రి 9:50

ఆ అరగంట గురించి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళున్నారు కాబట్టి తెలుగులోనే నడపండి. కానీ ‘ధన్యవాదాలు’ అనే మాటతో నడపొద్దు. మన ఇళ్ళలో అమ్మకు, అన్నయ్యకు ఎవరూ ధన్యవాదాలు చెప్పరు. అది సభల్లో వందన సమర్పణ మాట. అందుకే బిగుసుకుపోతారు. కృతజ్ఞత అన్న మాటలోనే దారి ఉంది: కృతం అంటే చేసినది, జ్ఞత అంటే ఎరిగి ఉండడం. చేసింది గుర్తుపెట్టుకున్నానని చెప్తే చాలు.

కాబట్టి పిల్లలకు ముందు రోజే ఇలా చెప్పండి: ఒక మనిషి పేరు, ఆ మనిషి ఈ ఏడాది చేసిన ఒక పని. ‘నా కుటుంబానికి కృతజ్ఞతలు’ అని వద్దు. ‘నా సైకిల్ చెయిన్ ఊడితే బాబాయి గంటసేపు కూర్చుని ఎక్కించాడు’ అన్నట్టు ఉండాలి. తలా అర నిమిషం, 14 మందికి ఏడు నిమిషాలు, మధ్యలో నవ్వులూ ముచ్చట్లూ కలిపి పావుగంట. అందరికంటే చిన్నవాళ్ళతో మొదలుపెట్టండి. పెద్దవాళ్ళతో మొదలైతే ప్రసంగం అవుతుంది, పిల్లలు దాన్నే అనుకరిస్తారు. సిగ్గుపడేవాళ్ళను బలవంతం చేయకుండా, రాసిన చీటీ పక్కవాళ్ళ చేత చదివించండి. ఈ మధ్యే ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే ఆ పేరు మొదట మీరే తలవండి. లేకపోతే ఎవరో ఒకరు మధ్యలో తలుస్తారు, తర్వాతి పిల్లకు నోరు పెగలదు.

పెద్దవాళ్ళకు భోజనం చివర ఇంకో వంతు పెట్టండి. మనకు కృతజ్ఞత తిన్నాక చెప్పే అలవాటే పాతది: అన్నదాతా సుఖీభవ. ఆ మాట వాళ్ళ నోట సహజంగా వస్తుంది. పిల్లలకు అర్థం కూడా చెప్పమనండి: అన్నం పెట్టినవాడా, సుఖంగా ఉండు అని. ఇందులో థాంక్స్ అన్న మాటే లేదు, దీవెన ఉంది.

అమెరికా మూలవాసుల్లో హౌడెనొసౌనీల పద్ధతి కూడా చెప్పదగ్గది. ప్రతి సభకూ ముందు మనుషులకు, భూమికి, నీళ్ళకు, చేపలకు, మొక్కలకు, గాలులకు, సూర్యచంద్రులకు వరసగా కృతజ్ఞత చెప్తూ, ప్రతిదాని చివరా ‘ఇప్పుడు మన మనసులు ఒక్కటి’ అంటారు. వాళ్ళకిది ఏడాదికొక్కసారి వచ్చే పండగ కాదు.

కందిపప్పు_చారు · గురువారం, ఉదయం 6:30

తినని నలుగురి సంగతి ఎవరూ ఎత్తలేదు. టర్కీ పక్కన ఉండే వంటల్లో మాంసం దాగి ఉంటుంది, ఒక్కొక్కటే చూడండి. పెట్టెలో వచ్చే స్టఫింగ్‌లో (టర్కీతో పాటు వడ్డించే బ్రెడ్డు ముక్కల వంటకం) చాలావరకు చికెన్ రసం పొడి ఉంటుంది. చిలగడదుంప మీద వేసే మార్ష్‌మెల్లోల్లో, జెల్లోలో పశువుల ఎముకలు, తోలు నుంచి తీసే జెలటిన్. కొన్ని రెడీమేడ్ పై అట్టల్లో పంది కొవ్వు. వూస్టర్‌షైర్ సాస్‌లో ఆంకోవీ చేపలు. గ్రేవీ గరిటె వేరేగా పెట్టండి, చీటీ రాసి పెడితే అడగాల్సిన మొహమాటం ఉండదు.

వాళ్ళకు క్రాన్‌బెర్రీ (పుల్లటి చిన్న ఎర్ర పండు) పప్పు చేయండి. పప్పు ముందు విడిగా మెత్తగా ఉడకాలి. క్రాన్‌బెర్రీ పులుపు తగిలితే కందిపప్పు పలుకు మిగిలిపోతుంది. ఒక కప్పు పప్పుకు ముప్పావు కప్పు కాయలు, పచ్చిమిరపకాయలు నాలుగు, కాయలు చిట్లాక పప్పు కలిపి అయిదు నిమిషాలు. ఇంగువ పోపు.

పచ్చడికి 340 గ్రాముల క్రాన్‌బెర్రీల సంచి ఒకటి. రెండు టేబుల్ స్పూన్ల నూనెలో పసుపుతో వేయించండి. మొదట చిటపటలాడి ఎగురుతాయి, మూత పెట్టండి, చిట్లడం ఆగాక మూత తీసి నీరు ఇగరనివ్వండి. గోంగూర కంటే ఇందులో పెక్టిన్ (జామ్‌ను గట్టిపరిచే పదార్థం) చాలా ఎక్కువ, చల్లారాక ఇంకా గట్టిపడుతుంది, కాబట్టి జారుగా ఉండగానే దించాలి. ఎండుమిరప 8, ఆవాలు, పావు చెంచా మెంతులు వేయించి పొడి, ఉప్పు, నిమ్మకాయంత బెల్లం. మంచి క్రాన్‌బెర్రీ నేల మీద వేస్తే బంతిలా ఎగురుతుంది, లోపల నాలుగు గాలి గదులుంటాయి. ఏరే పని పిల్లలకివ్వండి.

చిన్నిమేడ · శుక్రవారం, ఉదయం 10:15 (తర్వాతి వారం)

అన్నీ పాటించాం, కుదిరాయి. మిగిలింది ఏం చేయాలి? ఎముకలు ఉడికించిన నీళ్ళు ఫ్రిజ్‌లో జెల్లీలా గడ్డకట్టాయి. పాడైనట్టా?

ఉప్పుచేయి · శుక్రవారం, ఉదయం 10:50

పాడు కాలేదు, అది జెలటిన్, స్టాక్ బాగా వచ్చిందని గుర్తు. పైన తేలిన కొవ్వు తీసి దాచుకోండి, పోపుకు పనికొస్తుంది. మాంసం వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళి ఉంటే సోమవారం దాకా వాడొచ్చు, మిగతాది ఇవాళే ఫ్రీజర్‌లో పెట్టండి. పలావుకు నానిన బాస్మతి కప్పుకు స్టాక్ కప్పున్నర. టర్కీ ముక్కలు మొదట్లో వేయకండి, ఒకసారి ఉడికినవి పీచుపీచు అవుతాయి. నీరు ఇంకి సెగ తగ్గించాక పైన పరిచి మూత పెట్టి పది నిమిషాలు.